చీటీ చూసి చెప్పిన తేదీ

మా అమ్మకు మీరిచ్చింది రెండు నిమిషాలు డాక్టరుగారూ. అందులో ఒకటి మీ ఫోనే తినేసింది. గదికి నూటయాభై మందిని తోలే మీ పైవాళ్లకూ కలిపే చెబుతున్నాను, వినండి.

అమ్మ దర్జీ. ముప్పయ్యేళ్లుగా కళ్లు మూసుకుని కత్తిరించిన మనిషి, ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. నవ్వేశాం. మరుసటి వారం మళ్లీ అదే పని. ఈసారి ఎవరం నవ్వలేదు.

"నాకేదో అవుతోందే పెద్దదానా," అంది. "అదేంటో ముందే తెలిస్తే, చేతిలో పని ఉండగానే చెల్లికి కటింగ్ నేర్పేస్తాను. నీకు నేర్పితే గుడ్డ దండగ."

ఆమె అడిగింది అదొక్కటే.

పొద్దున ఆరింటికి వరసలో నిలబడితే పన్నెండున్నరకు మీ ముందుకొచ్చాం.

"ఇవాళ తేదీ ఎంతమ్మా?"

అమ్మ చేతిలోని ఓపీ చీటీ చూసి గడగడా చదివేసింది. దానిమీద తేదీ అచ్చేసింది మీవాళ్లే.

"ఈవిడెవరు?"

"నా పెద్దకూతురు. మరిచిపోదామన్నా వదలదు."

మీరు నవ్వారు. "బాగానే ఉన్నావుగా."

"చీటీ చూసి చదివింది సార్," అన్నాను.

"వయసొచ్చాక మామూలేనమ్మా. నా కళ్లద్దాలు నాకే కనబడవు." బలం మాత్రలు రాసి, తర్వాతివాళ్లను పిలిచారు.

"చూశావా, పెద్ద డాక్టరే ఏం లేదన్నాడు. నువ్వే నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావు," అంది అమ్మ బయటికొచ్చి. ఆ మాట పట్టుకుని రెండేళ్లు ఆసుపత్రి గడప తొక్కలేదు. చెల్లికి నేర్పడం రేపూ ఎల్లుండీ అయింది.

చివరికి బలవంతాన తీసుకొచ్చాను. కొత్త డాక్టరమ్మ స్కాన్ తీయించి, డిమెన్షియా అంది. "మొదట్లోనే తేవాల్సిందమ్మా. పని చేసుకునే రోజులు ఇంకొన్ని దక్కేవేమో."

మీ చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. చదివింది. మడిచి తిరిగిచ్చింది.

ఇప్పుడు చెల్లి గుడ్డ పరిచి, "కుట్టుకు ఎంత వదలాలమ్మా?" అని అడుగుతుంది. అమ్మ అంచు నిమిరి, "బాగుంది. మీ అమ్మ కొనిచ్చిందా?" అంటుంది.

మీరిప్పుడు సారీ చెబితే నాకేం ఒరుగుతుంది? వారానికొక రోజు, మతిమరుపుతో వచ్చేవాళ్లకే ఒక గది పెట్టండి. మనిషికి అరగంట ఇవ్వండి. వెంట వచ్చినవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. జబ్బు పేరు చెప్పి ఉత్తచేతులతో పంపకుండా, మిగిలిన మంచి రోజులు ఎలా వాడుకోవాలో నేర్పే మనిషిని వేయండి. గది లేదనకండి. మీ మీటింగుల గది వారమంతా ఖాళీ, నేను చూశాను. సోమవారానికి తెరవండి.