బోగర్ట్ క్వారీకి మూడో సాక్షి

పక్కింటి డోర్కస్ మా ఆవిడ ఫీబీతో చెప్పిందట. పటం గీయడానికి వచ్చిన సర్వే సిపాయి సత్రంలో కూర్చుని మా గుట్టలకీ వాగులకీ పేర్లు రాసుకుంటున్నాడట. మా రాళ్ళ క్వారీకి ‘బోగర్ట్ క్వారీ’ అని రాశాడట. ఒక్కో పేరుకీ ముగ్గురు పరువుగల మనుషులు సంతకం పెట్టాలట. పాస్టరుగారూ, మా క్వారీ మేస్త్రీ ఎనాకూ పెట్టేశారట, మూడోవాణ్ణి నేనట. నా సంగతి నాకన్నా ముందు డోర్కస్‌కి తెలియడం మా వీధిలో కొత్తేమీ కాదు.

నేను పొద్దంతా రాయి కొట్టి వచ్చి, తడిసిన బూట్లు విప్పే ఓపిక కూడా లేక పొయ్యి ముందు కూలబడి ఉన్నాను. బీడు మీద నాలుగు రోజులుగా సన్నవాన. సంతకం పెట్టడమంటే మళ్ళీ సత్రం దాకా నడవాలే అనుకున్నాను, అంతే. తక్కినదంతా తరువాత గుర్తుకొచ్చింది.

బోగర్ట్ అంటే మా గట్ల మీద తిరిగే దెయ్యం. తాతల నాడు ఆ క్వారీకి దానితో ఏ సంబంధమూ లేదు. అప్పట్లో దాన్ని పొడుగు క్వారీ అనేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట మా అన్న జోనస్ అందులో బండ పడి పోయాడు. పేరు అప్పుడే మారింది.

ఆ ఏడు మంచు గట్టిగా పట్టి, ఫిబ్రవరిలో ఒక్కసారిగా కరిగింది. పగుళ్ళలో గడ్డకట్టిన నీరు కరిగితే రాతి గోడ పట్టు తప్పుతుంది. అలాంటప్పుడు గోడ కింద ఎవరూ తవ్వరు. రాయి కోసం కాలవలో పడవ ఆగి ఉందని ఎనాక్ మేస్త్రీ తవ్వమన్నాడు. జోనస్ వద్దన్నాడు, గొణిగాడు, చివరికి వంగి లోపలికి వెళ్ళాడు.

చావు మీద విచారణ జరిగితే మేస్త్రీ పేరెత్తినవాడికి మర్నాడు పని ఉండదని అందరికీ తెలుసు. అందుకని, ముందురోజు గోడలోంచి ఎవరో తట్టినట్టు వినబడిందని ఒకడు చెప్పాడు. జోనస్ దాన్ని వెక్కిరించాడని ఇంకొకడు అందుకున్నాడు. వారం తిరిగేసరికి, బోగర్ట్‌కి పెట్టిన రొట్టెముక్కని జోనస్ తన్నాడనీ, అందుకే అది అతన్ని మింగిందనీ కథ తయారైంది. నిజానికి అప్పటికి మాలో ఎవరూ రొట్టెముక్క పెట్టి ఎరగరు. ఆ తరువాతే మొదలుపెట్టాం. ఇప్పుడు క్వారీ అంచు మీద ఓట్స్ రొట్టె తుంపి పెట్టకుండా పనిలోకి దిగేవాడే లేడు. నేనూ పెడతాను. తట్టిన చప్పుడు విన్నానని చెప్పిన ఆ మొదటివాణ్ణి నేనే.

జోనస్ భార్య, మా వదిన తబితా, డోర్కస్ కబురు తెలిసిన సాయంత్రమే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. శాలువా అంచుల నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కట్టాయి.

“ఇన్నాళ్ళూ నోటి మాటేలే అని ఊరుకున్నా. ఇప్పుడు రాణిగారి పటంలో అచ్చేస్తారంట,” అంది. “రేపు నా మనవళ్ళని కూడా ‘దెయ్యం రొట్టెని తన్ని చచ్చినవాడి మనవలు’ అంటారా?”

“పటంలో పేరొక్కటే ఉంటుంది వదినా. కథ ఉండదు.”

“పేరు చూసినవాడు కథ అడగడా ఏంటి? నువ్వు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు ఏబెల్. ఇంకేం అడగను నిన్ను.”

ఆమె వెళ్ళాక ఫీబీ చాలాసేపు గిన్నెలు తోమింది. యాభై ఎనిమిదేళ్ళవాడికి ఇంకో క్వారీలో పనెవరిస్తారో కాస్త ఆలోచించుకోమని, నా వైపు తిరగకుండానే చెప్పింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సత్రానికి వెళ్ళాను. సర్వే సిపాయి పేరు పిమ్. కుర్రవాడు, జలుబుతో ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఎనాక్ మేస్త్రీ మంట పక్కన పైపు కాలుస్తున్నాడు.

“రా రా ఏబెల్, నువ్వొక గీత గీశావంటే ఈ దొర తన చీమిడీ తనూ ఇంటికి పోతాడు,” అన్నాడు మేస్త్రీ.

పాత పేరు పొడుగు క్వారీ అని పిమ్‌తో చెప్పాను. అతను సంబరంగా పుస్తకం తిరగేశాడు. ఇలాంటి దెయ్యం పేర్లు చర్చిలూ పాస్టర్లూ రాకముందునుంచీ ఉన్నవని తాను ముందే రాసుకున్నాడట. వేల ఏళ్ళ నమ్మకం అన్నాడు. పదకొండేళ్ళది అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈ లోపల అతను కలం ముంచి, పేరు ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అని అడిగాడు.

మేస్త్రీ నా వైపు చూశాడు. బెదిరింపేమీ లేదు ఆ చూపులో. అతనూ ముసలివాడైపోయాడు, దగ్గు పట్టుకుంది, నాలాగే అలసిపోయాడు.

“జనం ఏదేదో అనుకుంటారు. అలా మారింది,” అన్నాను.

పిమ్ బోగర్ట్ క్వారీ అన్న పేరు కింద సన్నటి అక్షరాలతో పాత పేరు కూడా రాశాడు. నేను సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి వదిన మా వంటింట్లో కూర్చుని ఉంది, ముందున్న టీ చల్లారిపోయింది. పాత పేరు కూడా పుస్తకంలోకి ఎక్కిందని గబగబా చెప్పాను. మంచిదే కదక్కా, రెండూ పడ్డాయి అని ఫీబీ అందుకుంది.

“ఎందుకు మారిందని అడిగాడా?” అంది వదిన.

“అడిగాడు. జనం అనుకుంటారని చెప్పాను.”

“జనం ఎవరూ అనలేదు ఏబెల్. నువ్వన్నావు.”