పల్లంలో బేరం

కుదుపు లేకుండా నడిచే గుర్రాలున్నవాళ్లంతా ఆ వారాంతం అడవిదారిన స్వారీకి కలిశారు. బట్టల వ్యాపారి మాత్రం తన గుర్రాన్ని అమ్మేయడానికే వచ్చాడు. తన మోకాళ్లు మొరాయించి స్వారీ కష్టమయ్యాక దాన్ని మేపడం దండగని తేల్చుకున్నాడు. కొనడానికి వచ్చిన బేకరీ ఆవిడకు నడుం నొప్పి. ఆమెకు కావలసింది కుదపని గుర్రం.

ఆవిడ ఎక్కగానే అక్కడి అలవాటు ప్రకారం, నడకలో కుదుపుందో లేదో తేలడానికి చేతికి నిండు టీ గ్లాసిచ్చారు. వ్యాపారి, అతని బావమరిది పక్కనే నడిచారు. చదునుదారిలో చుక్క ఒలకలేదు.

"ఉయ్యాల్లో ఉన్నట్టుంది," అందావిడ. బావమరిది కన్ను గీటాడు.

అంతలో పల్లం వచ్చింది. ఆవిడ బెదిరి కళ్లెం బిగబట్టింది. గుర్రం నడక తప్పి ఎగిరెగిరి పడింది. టీ అంతా ఒళ్లో పడింది.

కొత్త కదా, అలవాటవుతుందంటే సరిపోయేది. వ్యాపారి ఒక్క క్షణం లెక్క వేసుకున్నాడు.

"పల్లంలో కళ్లెం వదలాలమ్మా. బిగిస్తే ఎప్పుడూ ఇంతే."

"వదలడం నా వల్ల కాదు బాబూ," అని ఆవిడ దిగి వెళ్లిపోయింది.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది బావా?"

"ఇవాళ అమ్ముడుపోయేది. వచ్చేవారం ఆవిడ నడుం పట్టుకుని ఇదే గుంపులో నా పేరు చెప్పేది. ఆ తర్వాత నా కొట్లో జేబురుమాలు కూడా ఎవడూ కొనడు. రికాబు పట్టుకో, ఎక్కాలి."

బావమరిది గొణుక్కుంటూ రికాబు పట్టుకున్నాడు.