పెదవికి ఆనిన మైకు

నేను ఒక మైకుని. కబడ్డీ మొదలయ్యేలోపు నా చుట్టూ జరగవలసిన పనులు ఇవి. బల్ల ఊగకుండా కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాలి. నా వైరు ఎవరి కాళ్ళకూ తగలకుండా పందిరి గుంజకు చుట్టాలి. నా మూతి గుడ్డతో తుడవాలి. ఫ్లాస్కులో వేడినీళ్ళు, పొట్లంలో లవంగాలు సిద్ధం చేయాలి. ఆటగాళ్ళ పేర్లు, బనీన్ల మీది నెంబర్లు వ్యాఖ్యాత చేత అప్పజెప్పించుకోవాలి. "హలో, వినబడుతోందా అండీ?" అని స్టేషనువాళ్ళను అడగాలి. అన్నీ అయ్యాక వ్యాఖ్యాత శేషావతారం గారు వచ్చి కూర్చునేవారు. ఆ పనులన్నీ చేసేది స్కోరరు సుగుణ.

పెళ్ళిళ్ళలో మీరు చూసే మైకులాంటిదాన్ని కాను నేను. నా మూతికి చిన్న ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని పై పెదవికి ఆనించి మాట్లాడాలి. అప్పుడు చుట్టూ ఎంత గోల ఉన్నా ఒక్క గొంతే నాలోంచి వెళుతుంది. ఎక్కడో పరాయి దేశంలో నన్ను బిగించి, చెక్కపెట్టెలో పెట్టి పంపారు. మొదట ఇంగ్లీషులో ఫుట్‌బాల్ చెప్పే ఒకాయన చేతిలో పడ్డాను. ఆయన మిరపకాయ బజ్జీలు తిన్న మూతితోనే నన్ను అందుకునేవాడు. అదేం వాసనో నాకు తెలియదు గానీ, తర్వాత నన్ను తీసుకున్నవాళ్ళందరూ ముఖం చిట్లించేవారు. ఆయన బదిలీ మీద వెళ్ళాక శేషావతారం గారి దగ్గరికి వచ్చాను.

ఆయనది మంచి గొంతు. కూతకు వెళ్ళిన ఆటగాడు మధ్యగీత దాటితే, రేడియో ముందున్న జనం కూడా ఊపిరి బిగబట్టేవారట. మనుషులు చిత్రమైనవాళ్ళు. కనిపించని ఆటకు చప్పట్లు కొడతారు.

కొన్నేళ్ళకు ఆయన చూపు తగ్గిపోయింది. కంటినరం ఎండిపోతోందనీ, ఆపరేషనుకు లొంగేది కాదనీ డాక్టరు చెప్పాడట. ఆ సంగతి తెలిసింది సుగుణకూ నాకూ. ఆట నడుస్తున్నంతసేపూ నేను తెరిచే ఉంటాను, చెవి దగ్గర చెబితే ఆ మాటా నాలోకి వస్తుంది కాబట్టి పక్కవాళ్ళు మాట్లాడకూడదు. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆమె ఆయన మణికట్టు మీద వేలితో తట్టేది. ఎన్నిసార్లు తడితే అన్నో నెంబరు బనీను. మణికట్టు పైన తడితే ఎడమ జట్టు, కింద తడితే కుడి జట్టు. గట్టిగా నొక్కితే ఆటగాడు దొరికిపోయినట్టు. ఆ చేతిలోనే నేను ఉండేదాన్ని. ప్రతి తట్టూ నాకూ తగిలేది. ఎన్నో పోటీలు అలాగే గడిచాయి. ఎవరూ పసిగట్టలేదు.

తర్వాత టీవీ వాళ్ళు పిలిచారు. రాష్ట్రస్థాయి ఫైనల్, నేరుగా ప్రసారం.

"వద్దని చెప్పేద్దాం మాస్టారూ. రేడియోలో అయితే మనం చెప్పిందే ఆట. ఇక్కడ జనం కళ్ళప్పగించి చూస్తుంటారు," అంది సుగుణ.

"ఒక్కసారి నా మొహం తెరమీద పడనీ అమ్మాయ్. రేడియోలో గొంతు నాదంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు, తెలుసా? 'నీకంత గొంతెక్కడిదిరా' అనేది."

"కాదంటే కుర్చీ ఇంకొకరికి ఇస్తారనా మీ భయం?"

"అదీ ఉంది," అన్నారాయన. కుర్చీ పోతే ఆయన ఇంకేమీ కారు. అది ముగ్గురికీ తెలుసు.

ఆ రోజు ఆట చివర్లో ఆయనకు దగ్గు వచ్చి వేడినీళ్ళకు సైగ చేశారు. సుగుణ ఫ్లాస్కు వైపు తిరిగింది. అదే సమయంలో నాగూర్ వలీ బనీను పట్టులో చిరిగితే, రిఫరీనడిగి, బయట కూర్చున్న జయరాజు బనీను తొడుక్కున్నాడు. తొమ్మిదో నెంబరు. సుగుణ తిరిగి చూసేసరికి తొమ్మిదో నెంబరు వీపు కూతకు వెళుతోంది. ఆమె తొమ్మిదిసార్లు తట్టింది.

"జయరాజు! జయరాజు గెలిపించాడు!" అని ఆయన అరిచారు. తెర నిండా నాగూర్ వలీ మీసాలు నవ్వుతున్నాయి. ఊరూరా చూశారు.

ప్రసారం అయిపోయింది. స్టేషను ప్రొడ్యూసరు నరహరి గారు పందిట్లోకి వచ్చారు.

"ఏవండీ, కళ్ళెదుట ఉన్న మనిషిని గుర్తుపట్టలేదేం? ఎవరిదండీ ఈ తప్పు?"

శేషావతారం గారు నన్ను ఇంకా పెదవికి ఆనించే ఉన్నారు. చెప్పాలంటే కళ్ళ సంగతి చెప్పాలి.

"నాదే సార్. తప్పు పేరు రాసిచ్చాను. మాస్టారు నా మాట నమ్మారు," అంది సుగుణ.

పట్టీ మీద ఆయన పెదవి కదిలింది. మళ్ళీ ఆగింది. నరహరి గారు సరేనన్నారు. ఇక నుంచి స్కోరరుగా ఆమెను పిలవొద్దని చెప్పి వెళ్ళిపోయారు. సుగుణ అట్టముక్కలు ఏరింది, వైరు విప్పి చుట్టింది, నా మూతి తుడిచింది. "వస్తాను మాస్టారూ," అంది. ఆయన తలూపారు.

తర్వాతి పోటీకి కొత్త స్కోరరు వచ్చాడు. మంచివాడే. చేతులు తన ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆట మొదలైంది. ఆయన వాతావరణం గురించి చెప్పారు, మైదానం గురించి చెప్పారు, మళ్ళీ వాతావరణం గురించి చెప్పారు. జనం ఒక్కసారిగా అరిచారు. మణికట్టు ఖాళీగా ఉంది.

"ఎవరండీ వెళ్ళింది?" అని ఆయన పక్కవాణ్ణి అడిగారు. నా పని నేను చేశాను. ఆ మాటా అన్ని ఊళ్ళకూ వెళ్ళింది.

అంతే. ఆ ఏడాదే శాలువా కప్పి ఆయన్ను పంపేశారు. వీడ్కోలు మాటల్లో ఆయన స్టేషను డైరెక్టరు దగ్గర్నుంచి డ్రైవరు దాకా అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. ఒక పేరు దగ్గర గొంతు ఆగింది. దాన్ని దాటుకుని ముందుకు వెళ్ళిపోయింది. సుగుణ ఏదో బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోందని ఒకరన్నారు, లేదు మానేసిందని ఇంకొకరన్నారు. నాకు తెలియదు.

ఇప్పుడు నేను స్టేషను వరండాలో గాజు బీరువాలో ఉన్నాను. 'ప్రసిద్ధ వ్యాఖ్యాత శేషావతారం వాడిన మైకు' అని చీటీ అంటించారు. అందులో అబద్ధం లేదు. వచ్చినవాళ్ళు చదివి, ఆయన్ను తలుచుకుని వెళుతుంటారు. తలుచుకోనివ్వండి, ఆయన గొంతు అలాంటిది.

మీరు మాత్రం సుగుణను గుర్తుపెట్టుకోండి. పూర్తి పేరు గోరంట్ల మేరీ సుగుణ. ఒకప్పుడు వాలీబాల్ ఆడేది, మోకాలు దెబ్బతిని మానేసింది. ఆమె గొంతు మీరు విని ఉండరు. "నాదే సార్" అన్నప్పుడు నా స్విచ్చి కట్టేసి ఉంది.