కెటిల్ పక్కన నాన్న

ఆర్టు కాలేజీ మొదటి ఏడాది వాళ్ల డ్రాయింగు గదిలో ఒకే ఒక్క నియమం. మధ్యలో ఉన్న చెక్క వేదిక మీద ఏం పెడితే అది, క్లాసులో చివరివాళ్ల బొమ్మ పూర్తయ్యేదాకా కదలకూడదు. వస్తువు పెట్టగానే డ్రాయింగు మాస్టారు దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. గీత పడిందా, ఇక మిన్ను విరిగి మీద పడ్డా దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. మొన్న కెటిల్ పక్కన పెట్టిన ఉల్లిపాయ మొలకేస్తే, చెప్పకుండా ఆకారం మార్చావని మాస్టారు దానికి అందరి ముందూ చీవాట్లు పెట్టారు.

అలాంటి గదికి ఒక పొద్దున్నే, ఆ క్లాసులో చదివే ఒక అమ్మాయి వాళ్ల నాన్న వచ్చాడు. ఆయనది పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో. కూతుర్ని కాలేజీ మాన్పించి స్టూడియోలో కూర్చోబెట్టుకోవాలని, టీసీ తీసుకోవడానికి వచ్చాడు. ఆయన బాధ ఆయనది. ఫొటోగ్రఫీ నేర్చుకుంటానని చేరిన పిల్ల ఇంటికి తెచ్చేవన్నీ కెటిల్ బొమ్మలే. కెమెరా ఎప్పుడిస్తారే అంటే, మొదటి ఏడాదంతా చూడటం నేర్పుతారు, కెమెరా తర్వాత అంటుంది. "చూడ్డానికి కాలేజీ ఎందుకే? నేను పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను" అన్నాడు ఆయన భోజనాల దగ్గర.

ఆఫీసు ఇంకా తెరవలేదు. గదిలో ఎవరూ లేరు. కాళ్లు లాగుతున్నాయని ఆయన వేదిక మీదున్న కుర్చీలో, కెటిల్ పక్కన కూర్చున్నాడు. అప్పుడే మాస్టారు వచ్చారు. కెటిల్‌నీ, ఉల్లిపాయనీ, ఆయన్నీ కలిపి ఒక చూపు చూశారు. ఎవరో బాగానే అమర్చారు అనుకుంటూ వంగి, ఆయన బూట్ల చుట్టూ సుద్దగీత గీశారు.

"కదలకండి" అన్నారు.

ఇంకో మనిషైతే లేచి నాలుగూ దులిపేవాడు. కానీ ఈయన ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రతి మొహానికీ ఆ మాట చెప్పినవాడు. కదిలినవాళ్లను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినవాడు. ఆ మాట తనతో ఒకరు అనడం ఇదే మొదలు. ఊపిరి కూడా ఆచితూచి వదులుతూ కుక్కిన పేనులా ఉండిపోయాడు.

క్లాసుకొచ్చిన అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మాస్టారూ, ఆయన మా నాన్న" అంది.

"గీసేటప్పుడు చుట్టరికాలు పనికిరావమ్మా. వెలుగెటు, నీడెటు, అది చూడు" అన్నారు మాస్టారు.

ఆమె వేదిక దగ్గరికెళ్లి గొంతు తగ్గించింది. "నాన్నా, లేచి రా."

"ఎలా లేస్తానే? అందరూ మొదలెట్టేశారు" అన్నాడు ఆయన పెదాలు కదపకుండా. "మధ్యలో కదిలితే అందరి పనీ పాడు. మీ అందరివీ అవ్వగానే పోయి టీసీ తీసుకుందాం."

అమ్మాయి తన చోటుకొచ్చి పెన్సిలు పట్టుకుని ఆలోచించింది. చివరి బొమ్మ అయ్యేదాకా నాన్న లేవడు. నాన్న లేవందే టీసీ రాదు. ఆఫీసు తెరిచి ఉండేదీ, క్లాసు జరిగేదీ ఒకే వేళల్లో. అంటే తన బొమ్మ పూర్తికానంత కాలం తను కాలేజీలోనే ఉంటుంది. ఈ సంగతి తట్టాక రబ్బరు తీసి, అప్పటిదాకా గీసిన గడ్డాన్ని శుభ్రంగా చెరిపేసింది.

అలా మొదలైంది. సాయంత్రం గంట కొట్టగానే ఆయన బూట్లు గీతల్లోనే వదిలి ఉత్తకాళ్లతో ఇంటికెళ్లేవాడు. పొద్దున్నే వచ్చి వాటిలో కాళ్లు దూర్చి కూర్చునేవాడు. మధ్యాహ్నం అమ్మ క్యారేజీ తెచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. "ఇంట్లో ఒక్క పూట కుదురుగా కూర్చోమంటే ఏనాడన్నా కూర్చున్నారా?" అనేది. ఆయన తల కదలకుండా నమిలేవాడు. స్టూడియోకి తాళం చూసి ఒక పెద్దమనిషి వెతుక్కుంటూ కాలేజీ కిటికీ దాకా వస్తే, "ఆరు దాటాక రండి, ఇప్పుడు పనిలో ఉన్నాను" అన్నాడు కనుగుడ్డు కూడా తిప్పకుండా. గ్రాఫిక్ డిజైన్ చదివే రెండో ఏడాది వాళ్లు 'కదపరాదు' అని పోస్టరు చేసి తలుపుకి అంటించారు. వాళ్ల మేడమ్ వచ్చి, కుర్చీలో మనిషిని చూసి ఒక్క మాటా అనలేదు. పోస్టరు చూసి మాత్రం, రెండో అక్షరం తర్వాత ఖాళీ ఎక్కువైందని చించేసి మళ్లీ చేయించింది.

ఒక్కొక్కరే బొమ్మలు ముగించారు. చివరికి మిగిలింది అమ్మాయి. కుర్చీ అయింది, కెటిల్ అయింది, ఉల్లిపాయ మొలకతో సహా అయింది. నాన్న బూట్లు, చొక్కా, చేతులు అయ్యాయి. మొహం దగ్గరికొచ్చేసరికి గీస్తుంది, చెరుపుతుంది. కష్టమై కాదు. ఆ మొహం ఆమెకు కళ్లు మూసుకున్నా వచ్చు. రోజూ అచ్చం నాన్నలాగే వచ్చేది, రోజూ భయమేసి తుడిచేసేది.

"అమ్మాయీ" అన్నాడు నాన్న ఒక రోజు, ఎటో చూస్తూ. "పెన్సిలు చప్పుడు కన్నా రబ్బరు చప్పుడే ఎక్కువ వినబడుతోంది."

ఆమె తల దించుకుని ఇంకాస్త గట్టిగా రుద్దింది. పర్రుమని కాగితం చిరిగింది.

మాస్టారు వచ్చి చూశారు. మొహం ఉండాల్సిన చోట అరచేయంత చిల్లు, అందులోంచి వెనకున్న చెక్క బోర్డు కనబడుతోంది.

"మాస్టారూ, చిరిగితే పూర్తయినట్టా, కానట్టా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. దానికి మాస్టారి దగ్గర నియమం లేదు. ఆయన తెల్లమొహం వేయడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు నాన్న లేచాడు. గంట కొట్టకుండానే, అందరూ చూస్తుండగా లేచాడు. అయిపోయింది, ఇక ఆఫీసుకే అనుకుంది అమ్మాయి. కళ్లనీళ్లు ఆగలేదు.

"నాకు ఇక్కడే ఉండాలనుంది నాన్నా" అంది, అందరి ముందూ.

ఆయన వేదిక దిగి వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూశాడు. బొమ్మలో కుడిచేతి చూపుడువేలు కొద్దిగా వంకరగా ఉంది. తన వేలు ఎత్తి చూసుకున్నాడు. నిజమే, వంకరే. ఇన్నేళ్లు కెమెరా నొక్కీ నొక్కీ అది ఎప్పుడు వంగిందో ఆయనకే తెలియదు. ఎడమ భుజం కిందికి జారి ఉంది. కెమెరా సంచి తగిలించుకునే భుజం అది.

"నేను మొహం తప్ప ఇంకేం తీయనండీ" అన్నాడు మాస్టారితో. "దీంట్లో మొహం తప్ప అన్నీ ఉన్నాయి."

చూపు బొమ్మ మీదే ఉంచి అడిగాడు. "ఈ చదువు ఎన్నేళ్లు?"

"నాలుగు" అన్నారు మాస్టారు.

ఆయన మళ్లీ వేదికెక్కి కుర్చీలో కూర్చున్నాడు. వంగి బూట్లు విప్పి, సుద్దగీతలు దాటించి అవతల పెట్టాడు. వీపు వెనక్కి ఆనించి కాళ్లు చాపుకున్నాడు.

"కొత్త కాగితం పెట్టుకో అమ్మా" అన్నాడు కూతురితో. ఆ తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "నాలుగేళ్లంటే మాటలు కాదు కదండీ. కాస్త సర్దుకుని కూర్చోనివ్వండి, అప్పుడు గీద్దురుగాని గీత."