క్లచ్ తెగిన ఎయిట్‌హండ్రెడ్

షటర్ మీద పేపర్ కటింగ్ అంటించి ఉంది. మారుతి ఎయిట్‌హండ్రెడ్ తయారీ ఆపేశారన్న వార్త. బొమ్మలోని కారు చుట్టూ ఎవరో స్కెచ్ పెన్నుతో పూలదండ గీశారు.

ఎవరో ఏమిటి? ఎదురుగా తన డ్రైవింగ్ స్కూల్ అద్దాల తలుపు ముందు టీ తాగుతూ నిలబడ్డ ఫణీంద్రే.

"ఏంటి చంద్రిక గారూ, చూశారా? పాపం, పోయిందట."

"చూసిన. దండ సక్కగ రాలే. మీ స్కూల్ల డ్రాయింగ్ సుత నేర్పున్రి."

ఆమె కాగితాన్ని చింపలేదు. షటర్‌తో పాటే పైకి ఎత్తేసింది.

అమీర్‌పేటలో అందరూ కంప్యూటర్ నేర్పుతుంటే చంద్రిక ఆడవాళ్లకు కారు నేర్పుతుంది. ఆమెకున్నది ఒకే బండి, తెల్ల ఎయిట్‌హండ్రెడ్. ఫణీంద్రకు అయిదు కొత్త కార్లున్నాయి, వాటిని నిలబెట్టుకునే చోటు లేదు. చంద్రిక షటర్ ముందున్న జాగా మీద అతని కన్ను. ఇప్పటికే ఇంటి ఓనర్‌తో మాట్లాడి పెట్టుకున్నాడు.

అతనికి కలిసొచ్చే రోజు ఈ రోజే. చంద్రిక స్కూల్ లైసెన్సు రెన్యువల్‌కు ఇవాళే ఆఖరు రోజు. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో పదకొండు లోపల బండి వరుసలో నిలబడితేనే టోకెన్ ఇస్తారు. టోకెన్ లేకపోతే ఇన్‌స్పెక్టర్ చూడడు. చూడకపోతే లైసెన్సు లేదు, స్కూలూ లేదు.

తొందరేమీ లేదనుకుంది. వెళ్లే ముందు వెనక గల్లీలో కాంతవ్వకు పొద్దుటి క్లాసు మొదలుపెట్టింది.

కాంతవ్వ యూసుఫ్‌గూడలో బ్లౌజులు కుడుతుంది. సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె కాళ్లు కుట్టుమిషన్ మీదే ఉన్నాయి. స్టీరింగ్ బాగానే పట్టుకుంటుంది, అద్దాలూ చూస్తుంది. ఎడమ కాలు మాత్రం క్లచ్ మీది నుంచి లేవదు. మిషన్ తొక్కినట్టు సగం అదిమి, వదిలి, మళ్లీ అదుముతుంది.

"అక్కా, కాలు తియ్. బట్ట పెట్టకుంట మిషన్ తొక్కితె దారం దండుగ గదా. ఇది సుత గంతే."

"తీస్తున్న చెల్లె. దానంతట అదే పోతున్నది."

ఫట్‌మంది. పెడల్ నేలకు అంటుకుని మళ్లీ పైకి రాలేదు.

క్లచ్ కేబుల్ తెగింది.

చంద్రిక మెకానిక్ మొగిలయ్యకు ఫోన్ చేసింది.

"గింత పొద్దుగాల కేబుల్ ఏడ దొరుకుతది?" అన్నాడతను. "షాపులోళ్లు పదకొండు దాటితె గని కండ్లు తెరువరు. సనత్‌నగర్ల నా దోస్తు షెడ్డుల ఒక ఎయిట్‌హండ్రెడ్ పడి ఉన్నది. దానిది పీకి, సీదా ఆర్టీఏ కాడికి తెస్త. గేటు కాడ్నే వేస్త. కని నువ్వు బండి ఆడిదాక తెచ్చుకోవాలె."

"తెస్త."

"ఎట్ల తెస్తవ్?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

కాంతవ్వ కళ్లలో నీళ్లు. "నా కాలే చెల్లె. నీ స్కూల్ ముంచిన."

"ఏడుపు తర్వాత. ముందు ఇటు దిగు."

గల్లీ మొదట్లో ఫణీంద్ర కొత్త కారు ఆగి ఉంది. స్టీరింగ్ ముందు ఎవరో అమ్మాయి, పక్కన అతను. అద్దం దించాడు.

"ఈ అమ్మాయి టెస్టుకు నేనూ ఆర్టీఏకే వెళ్తున్నాను చంద్రిక గారూ. తాడు కట్టి లాక్కెళ్లమంటారా? మొహమాటం వద్దండీ."

"తాడు కట్టి గుంజేది బర్రెను," అంది చంద్రిక. "బండి దానంతట అదే వస్తది."

ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుంది. కాంతవ్వను పక్క సీట్లో, రోజూ తాను కూర్చునే చోట కూర్చోబెట్టింది. ఇంజన్ ఆపి ఉంది. ఫస్ట్ గేర్ వేసి, గేర్లో ఉండగానే సెల్ఫ్ కొట్టింది. బండి కప్పలా ఎగిరింది. ఇంకోసారి ఎగిరింది. ఇంజన్ అందుకుంది. కదిలింది.

క్లచ్ లేకుండా నడపొచ్చు. ఇంజన్ వేగం, చక్రాల వేగం కలిసే క్షణం చెవితో పట్టుకుంటే గేర్ మెత్తగా దిగుతుంది. చిక్కంతా ఆగడంలోనే. ఆగితే మళ్లీ ఇంజన్ బంద్ చేయాలి, మళ్లీ గేర్లో పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఆ బ్యాటరీ ఎన్నిసార్లు ఓర్చుకుంటుందో చంద్రికకూ తెలియదు.

మైత్రీవనం దగ్గర జనం రోడ్డు మీదే ఉన్నారు. చేతుల్లో కోచింగ్ పాంప్లెట్లు, చెవుల్లో ఫోన్లు. సెకండ్ గేర్లో పాకిస్తూ, హారన్ మీద చెయ్యి తీయకుండా సందు చేసుకుంది. మెట్రో పిల్లర్ల కోసం పెట్టిన రేకుల పక్కన ఒక ఆటో అడ్డం వచ్చింది. బండి హఠాత్తుగా ఆగి, దగ్గి, చచ్చింది.

చంద్రిక బ్రేక్ తొక్కలేదు.

కింద చూసింది. డ్రైవింగ్ స్కూల్ బండికి పక్క సీటు దగ్గర కూడా బ్రేక్ ఉంటుంది. దాని మీద కాంతవ్వ కాలు.

"అక్కా."

"భయమైంది చెల్లె."

"రెండు కాళ్లు పైకి తియ్. మఠం వేసుకొని కూసో."

కాంతవ్వ సీటు మీద మఠం వేసుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని, కథ వినడానికి వచ్చినట్టు కూర్చుంది. చంద్రిక సెల్ఫ్ కొట్టింది. ఈసారి ఇంజన్ బరువుగా అందుకుంది.

పంజగుట్ట చౌరస్తా. ఫ్లైఓవర్ నీడలో రెడ్ పడింది. ఇంజన్ ఆపి, ఫస్ట్‌లో పెట్టుకుని కాచుకుంది. గ్రీన్ పడగానే తాళం తిప్పింది.

టక్.

మళ్లీ తిప్పింది. టక్.

వెనక హారన్లు లేచాయి. అద్దంలో ఫణీంద్ర కారు, సరిగ్గా వెనకే. అతని నవ్వు కూడా కనిపించింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ వేసుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా, గీ డబ్బను నడిమిట్ల పెట్టినవ్? క్రేన్ పిలువాల్నా?"

చంద్రిక నోరు తెరిచేలోపు కాంతవ్వ మఠం విప్పి దిగింది. నేరుగా ఫణీంద్ర కిటికీ దగ్గరకు వెళ్లింది.

"ఓ సారు, హారన్ కొడితె బండి పోదు. దిగి తొయ్."

"నేనా? ఏం మాట్లాడుతున్నారండీ?"

"క్రేన్ వచ్చేదాక నువ్వు సుత గిక్కడ్నే ఉంటవ్ మరి. నీకు టోకెన్ వద్దా?"

కానిస్టేబుల్‌కు ఆ లెక్క నచ్చింది. "దిగు భాయ్. దిగి జర తొయ్. సిగ్నల్ మల్ల పడ్తది."

ఫణీంద్ర దిగాడు. ఇద్దరు ఆటోవాళ్లు కలిశారు. చంద్రిక సెకండ్ గేర్లో పెట్టి, తాళం తిప్పి ఉంచి, తల బయటపెట్టింది.

"గట్టిగ తోయాలె ఫణీంద్ర గారూ. నెమ్మదిగ తోస్తె అందుకోదు."

తెల్లచొక్కా చేతులు మడిచి, పళ్లు బిగించి అతను తోశాడు. బండి కదిలింది, వణికింది, పొగ వదిలింది. అందుకుంది. ఇక ఆపడానికి లేదు. కాంతవ్వ చీర ఎత్తిపట్టి నాలుగడుగులు పరుగెత్తి, లాభం లేదని తెలుసుకుని వెనక్కి వచ్చింది. ఫణీంద్ర కారు వెనక తలుపు తీసి కూర్చుంది.

"నువ్వు అటే పోతున్నవ్ గద సారు. నడువు."

ఆర్టీఏ గేటు ముందు టోకెన్ల వరుస ఇంకా ఉంది. చంద్రిక ఇంజన్ ఆపకుండానే బండిని న్యూట్రల్లోకి జార్చి, వరుస చివర నిలబెట్టి, టోకెన్లు పంచుకుంటూ వచ్చిన గుమాస్తా దగ్గర కిటికీలోంచే చెయ్యి చాపి టోకెన్ అందుకుంది. అప్పటికే మొగిలయ్య గ్రీజు చేతులతో కాచుకుని ఉన్నాడు. బానెట్ ఎత్తాడు. వరుస కదిలిన కొద్దీ బండిని తోసుకుంటూనే కేబుల్ వేశాడు.

ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగాడు. లైట్లు చూశాడు. రెండు వైపులా బ్రేకులు తొక్కి చూశాడు. ర్యాంపు ఎక్కించి, మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా కదిలించమన్నాడు. క్లచ్ మెత్తగా లేచింది. బండి ఎక్కింది.

"దీన్ని తయారు చేయడమే ఆపేశారు. ఇంకెన్నాళ్లమ్మా?"

"చేసుడు వాళ్ల ఇష్టం సార్. నడుపుడు నా ఇష్టం."

అతను ఒకసారి బండి వైపు, ఒకసారి ఆమె వైపు చూసి కాగితం మీద ముద్ర వేశాడు.

గేటు బయట కాంతవ్వ ఎదురుచూస్తోంది. కొంచెం దూరంలో ఫణీంద్ర, చొక్కా మీద మసి దులుపుకుంటూ, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. చంద్రిక దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చుంది. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది.

"కూసో అక్కా. పొద్దుటి క్లాసు సగంలనే ఆగింది."

"ఇప్పుడా? పంజగుట్ట మీదికెల్లా?" కాంతవ్వ గొంతు తగ్గించింది. "మల్ల తెగితె?"

"తెగితె తెగనీ. ఎట్ల పోవాలెనో చూసినవ్ గద."