చీరతో పేనిన తాడు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు మా మామగారు పోయారు. ఆయన లాంచీ వాయినికోరో ఏటి ఒడ్డున నీళ్లెక్కుతూ పడి ఉండేది. ప్రొపెల్లర్ షాఫ్టు పడవ అడుగును దాటే చోట కారుతోంది. అది బాగుపడకపోతే లాంచీని అమ్మేద్దామన్నారు మా ఆయన సత్యేంద్ర. అత్తగారు నాగమ్మకు ఆ మాట గిట్టలేదు.

ఆవిడ తన పాత నూలు చీర చింపి, దీపం వత్తిలా పేని, కొబ్బరినూనెలో, మైనంలో ముంచి ఇచ్చారు. షాఫ్టు చుట్టూ కూరడానికి బజార్లో కొనే తాడుకు గొడ్డు కొవ్వు పూస్తారని దాన్ని ఎప్పుడూ పడవలోకి రానివ్వలేదు. మా ఆయన ఆ తాడును షాఫ్టు చుట్టూ కూరి, దాన్ని నొక్కిపట్టే నట్టును చుక్క రాకుండా బిగించారు. కాసేపు నడిపేసరికి అక్కడినుంచి పొగ లేచింది.

"చూశావా అమ్మా, ఇంక అమ్మేద్దాం."

"అంత టైట్ చేస్తే కాలదా బేటా? తోడా లూజ్ చెయ్. చుక్క పడతా ఉంటేనే సల్లగుంటది. మీ నాయన నడిపేటోడు, నేను డబ్బాతో తోడిపోసేదాన్ని. షికారుకు తీస్కపోయినాడనుకున్నావా నన్ను?"

నట్టు వదులు చేశాక నీళ్లు చుక్క చుక్కగా పడ్డాయి, షాఫ్టు చల్లగా తిరిగింది. లాంచీ ఏటి మధ్యకు సాగుతుంటే అత్తగారు డబ్బా తీసుకుని వెనక్కి వెళ్లి షాఫ్టు పక్కన కూర్చున్నారు. మా ఆయన మళ్లీ అమ్మకం మాట ఎత్తలేదు.