సీలు వేసిన రేడియో

నాకు ప్లాన్లంటే పిచ్చి. "గీయనకు దూపైతే నీళ్లు తాగడు, ముందుగాల చార్టు గీస్తడు" అని మా ఆవిడ పుష్పమ్మ నలుగురిలో నవ్వుతుంది. నవ్వనీ. చార్టు లేకుండా బడి నడిపేవాడు కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలేవాడేనని నా నమ్మకం. ఆ నమ్మకమే తొంభై ఒకటిలో ఒక పిల్ల చదువు మీదికి తెచ్చింది.

మాది దేవరకొండ మెట్టల్లో ఏడో తరగతి దాకా ఉన్న బడి. ఆ ఏడు ఏడో తరగతిలో పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మంది కురుమల పిల్లలు. వానకాలం పంట కోతలు కాగానే మా మెట్టల్లో గడ్డి ఎండిపోతుంది. అప్పుడు వాళ్ల కుటుంబాలు గొర్రెలను తోలుకుని హాలియా, హుజూర్‌నగర్ వైపు కాలువ భూముల్లోకి దిగుతాయి. పిల్లలూ వెంట పోతారు. మళ్లీ తొలకరికి ఊరు చేరేసరికి ఏప్రిల్‌లో జరగాల్సిన ఏడో తరగతి పరీక్ష జరిగిపోయి ఉంటుంది. ఏడు రాయనివాళ్లకు ఎనిమిది లేదు. నా పదకొండేళ్ల సర్వీసులో మందల వెంట పోయిన పిల్లల్లో ఒక్కరూ పరీక్ష రాయలేదు.

ఈసారి రాయించి తీరాలనుకున్నాను. రేడియోలో రోజూ పదకొండింటికి బడిపిల్లల పాఠం వస్తుంది. తొమ్మిది మంది పిల్లలు, నాలుగు మందలు. బడిది ఒకటి, కాళ్లా వేళ్లా పడి తెచ్చినవి మూడు, మొత్తం నాలుగు రేడియోలు సంపాదించాను. నకిరేకల్‌లో ఉండే గొర్రెల బేరగాడు బషీర్ వారానికోసారి మోపెడ్ మీద మందలన్నీ తిరుగుతాడు. నా ప్రశ్నల కాగితాలు తీసుకుపోయి, పిల్లల జవాబులు తెచ్చే పని అతను నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఏ రోజు ఏ పాఠం, పాఠానికి ముందు ఏం చదవాలి, అయ్యాక ఏం రాయాలి, అన్నీ చార్టు గీసి నాలుగు నకళ్లు తీశాను.

ఒక్కటే భయం పట్టుకుంది, సెల్లుల భయం. రేడియోకూ బ్యాటరీ లైటుకూ పట్టేవి అవే మూడు సెల్లులు. పిల్లల తండ్రులు వాటిని తీసి లైటులో వేసుకుంటే నా బడి మూతబడినట్టే. అందుకని ప్రశ్నపత్రాల కట్టకు సీలు వేసినట్టు, రేడియో వెనక సెల్లుల మూత మీద కాగితం అంటించి సంతకం చేశాను. "ఈ సంతకం చిరిగిందంటే మీరు పరీక్షకు లేనట్టే" అని పిల్లలతో ఒట్టు వేయించుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో అని ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

జవాబులు రావడం మొదలైంది. బీరన్న కూతురు ఉప్పలమ్మవి మాత్రం ఎప్పుడూ సగంలో ఆగిపోయేవి. మొదలు బాగుండేది, మధ్యలో రెండు వాక్యాలు ఎగిరిపోయేవి, చివర ఖాళీ. క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల. నాకు ఒళ్లు మండేది. "శ్రద్ధ లేదు. పాఠం మధ్యలో ఎక్కడికి పోతున్నావు?" అని ఎర్ర సిరాతో రాసి పంపేవాణ్ణి. వారం వారం అదే మాట.

పరీక్షలు ఇంకా ఆరు రోజులున్నాయనగా బషీర్ వచ్చి మోపెడ్ స్టాండు వేయకుండానే చెప్పాడు. రెండు వారాలుగా జ్వరంతో మంచం పట్టి, మందల వైపు పోక, ఆ ముందు రోజే పోయొచ్చాడట.

"సార్ సాబ్, ఉప్పలమ్మ పరీక్షకు రాదంట. బీరన్న కాలు ఇరిగింది. మందల ఆ పిల్ల ఒక్కతే ఉన్నది."

"తల్లి లేదా?"

"జానమ్మ బాలింత కదా, మీ ఊర్లనే ఉన్నది. జర నువ్వు పోయి మాట్లాడు సార్. నాతోని కాలే."

మర్నాడే హాలియా బస్సెక్కాను. దిగి రెండు మైళ్లు నడిస్తే, కోసిన వరిమడిలో మంద కనబడింది. బీరన్న గొంగడి పందిరి కింద కాలికి వెదురు బద్దలు కట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కనున్న మూట విప్పి రేడియో తీసి నా ముందు పెట్టాడు.

"సూడు సారూ, నీ సంతకం. గోరంత గూడ చినగలే."

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు.

"పదిహేను దినాలాయె. తోడేలు వడ్డది. నా బ్యాటరి ఆరిపోయింది. రేడియోల సెల్లులియ్యే బిడ్డా అంటే ఇయ్యలే. సారు సంతకం చింపొద్దన్నడు నాయినా అని రేడియోను కడుపుల వెట్టుకొని ఏడ్సింది. చీకట్ల ఉరికి కాల్వల వడ్డ. ఏడు గొర్రెపిల్లలను సంపిపోయింది. తోడేలు నీ సంతకం సూసి ఆగుతదా సారూ?"

మడి అవతల ఉప్పలమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రాత్రి మంద ఎట్లా కాస్తారని ఒక్కసారైనా అడిగానా? చార్టులో పదకొండు గంటలకు గడి ఉంది. చీకటికి గడి లేదు.

"తప్పు నాది బీరన్నా. పిల్లను పరీక్షకు పంపు."

"నేను పంపనంటలేను సారూ. మందను ఎవలు గాయాలె? మావోళ్ల మంద గీడికి పది మైళ్లున్నది."

"నేను కాస్తా."

బీరన్న నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. "గొర్రెకు చార్టు ఎరుకలే సారూ."

అతని రెండు చేతులూ పట్టుకున్నాను. "ఈ పిల్ల కూడా రాయకపోతే నేను మళ్లీ బడికి పోలేను బీరన్నా. నీ మందలో ఏం తప్పినా నాదే జిమ్మా" అన్నాను. బీరన్న కూతురిని కేకేసి, "పోవే బిడ్డా, సారు కాళ్లు మొక్కి పో" అన్నాడు. మొక్కించుకునే ముఖం నాకు లేదు. వద్దన్నాను.

ముందే చెప్పి ఉంచినట్టు బషీర్ మర్నాడు వచ్చి ఉప్పలమ్మను ఊరి బస్సెక్కించాడు. తల్లి దగ్గర ఉండి, మండలంలో పరీక్ష రాసి రావాలి. నాకు కడుపునొప్పి అని రాసిన సెలవు చీటీ కూడా అతని చేతికే ఇచ్చాను. వాళ్లు పోయాక మొదట చేసిన పని, నా సంతకం నేనే చింపడం. మూడు సెల్లులూ తీసి బీరన్న లైటులో వేశాను.

గొర్రెలు నన్ను మనిషిగా లెక్కపెట్టలేదు. నేను అదిలిస్తే ఆగి చూసి, మళ్లీ మేసేవి. బీరన్న కూర్చున్నచోటు నుంచి "సారూ, ఎడమకు! ఆ పొట్టేలును వట్టు!" అని అరుస్తుంటే మడి నుంచి మడికి ఉరికాను. రెండో రోజుకే ఒక రైతు పల్లీ చేనులో మంద పడింది. అతను నన్నూ నా పుట్టుకనూ కలిపి తిట్టాడు. అరిటాకు మీద ముల్లు పడినా, ముల్లు మీద అరిటాకు పడినా చినిగేది నేనే అన్నట్టుంది నా బతుకు.

మూడో రోజు సెల్లులు మళ్లీ రేడియోలోకి మార్చాను. నా పాఠం ఎట్లా వినబడుతుందో చూద్దామనిపించింది. పదకొండింటికి రేడియో భుజానికి తగిలించుకున్నాను. "పిల్లలూ, ఇవాళ మనం..." అన్నదో లేదో, గొర్రెపిల్ల కాలువ గట్టు దిగింది. దాన్ని పట్టుకొచ్చేసరికి ఇంకేదో సంగతి నడుస్తోంది. రెండు మాటలు విన్నాను. బీరన్న పిలిచాడు. మరో మాట విన్నాను. పొట్టేళ్లు కొట్లాడుకున్నాయి. అరగంట పాఠంలో నన్ను పిలవని నిమిషం లేదు. చివర రేడియోలో పంతులమ్మ "అర్థమైందా పిల్లలూ?" అని మెత్తగా అడిగి కాసేపు ఆగింది. ఆ రోజు పాఠం తెలుగో సైన్సో కూడా నేను చెప్పలేను.

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఈ అరుపుల్లోంచి ఏరుకుని ఆ పిల్ల సగం జవాబు రాసి పంపేది. నేను నీడలో కుర్చీలో కూర్చుని ఎర్ర సిరాతో శ్రద్ధ లేదని రాసేవాణ్ణి. గొర్రెల మధ్య వెక్కి వెక్కి ఏడ్చాను. బీరన్న చూశాడు. ఆ ఒక్కసారి మాత్రం పిలవలేదు.

ఆరు పరీక్షలూ అయిన మర్నాడు ఉప్పలమ్మ వచ్చింది. నేను ఎదురు వెళ్లాను.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"అన్ని రాసిన సార్. లెక్కలే పోయినట్టున్నయ్. వైశాల్యాలు ఇనలేదు గద, అప్పటికే రేడియో మూట గట్టిండు నాయిన."

ఒక్కటి తప్పినా తప్పినట్టే. అది నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. క్షమించమందామని నోరు తెరిచాను. ఆమె నా చేతిలోంచి కర్ర తీసుకుని నాలుక ఆడిస్తూ ఒక్క కూత పెట్టింది. చేన్లకు అడ్డంపడి పోతున్న మంద మొత్తం ఆగి, ఆమె వైపు తిరిగింది.

ఉప్పలమ్మ నాలుగడుగులు వేసి ఆగింది. పరీక్ష గదిలో జరిగిన వింత ఏదో చెప్పబోతున్నట్టు ఆమె ముఖం వెలిగింది.

"సార్, పరీక్షల కాడ మూడు గంటలు కూసున్న. ఒక్కలు గూడ నన్ను పిలువలే."